తాష్కెంట్‌లో నలుగురికి మూడు రాత్రులు: తక్కువ ఖర్చులో బస ఎక్కడ, ఎలా

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. అక్టోబర్ రెండో వారంలో మీరు, మీ శ్రీమతి, అమ్మగారు, నాన్నగారు విజయవాడ నుంచి తాష్కెంట్ వెళ్తున్నారు. అసలు పని సమర్‌ఖండ్‌లో ఎంబీబీఎస్ చదువుతున్న మీ తమ్ముణ్ణి చూసి రావడం. తాష్కెంట్‌లో మూడు రాత్రులు ఉండాలి, నలుగురికీ కలిపి రాత్రికి ఐదు వేలు దాటకూడదు. అమ్మగారు శాకాహారి, మోకాళ్ళ నొప్పులు. మీరు మూడు చోట్లు చూసిపెట్టుకున్నారు: చోర్సు బజారు వెనక పాత ఇంట్లో నడిపే గెస్ట్‌హౌస్‌లో నాలుగు మంచాల గది 4,600, రైల్వే స్టేషన్ దగ్గర చిన్న హోటల్లో రెండు గదులు కలిపి 5,800, చిలాంజార్‌లో అపార్ట్‌మెంట్ 3,300. ఏది బుక్ చేయాలి?

అపార్ట్‌మెంట్ వద్దండీ. మొదటి రెండు రాత్రులు గెస్ట్‌హౌస్, సమర్‌ఖండ్ నుంచి తిరిగొచ్చాక విమానానికి ముందు రాత్రి స్టేషన్ దగ్గరి హోటల్. లెక్క చూడండి: రెండు 4,600లు, ఒక 5,800, మొత్తం పదిహేను వేలు. మీ బడ్జెట్ అంతే. మూడు రాత్రులూ మొదట్లోనే పెట్టుకోవడమే మీ ప్లాన్‌లో నాకు నచ్చనిది. సమర్‌ఖండ్ నుంచి అదే రోజు రైల్లో వచ్చి అదే రోజు విమానం ఎక్కుదాం అనుకుంటే, రైలు ఆలస్యమైన రోజు పెద్దవాళ్ళతో మీరు పడే టెన్షన్ ముందు ఒక రాత్రి గది అద్దె ఏపాటిది?

నేను ఫార్మా ఉద్యోగం మీద తాష్కెంట్‌లో కొన్నేళ్ళున్నాను. ఇప్పటికీ తెలిసినవాళ్ళు ఎవరు వెళ్తున్నా గది వెతికే పని నా మీదే పడుతుంది. అలా వచ్చే ప్రశ్నల్లో తొంభై పాళ్ళు గది రేటు గురించే. రేటు కంటే ముందు అడగాల్సింది రిజిస్ట్రేషన్ సంగతి.

ఉజ్బెకిస్తాన్‌లో అడుగుపెట్టిన విదేశీయుడు ఎక్కడ ఉంటున్నాడో మూడు రోజుల్లోపు ప్రభుత్వ ఆన్‌లైన్ వ్యవస్థలో నమోదు కావాలి. హోటల్, హాస్టల్, గెస్ట్‌హౌస్ ఏదైనా సరే, మీరు దిగగానే పాస్‌పోర్ట్ తీసుకుని ఆ పని వాళ్ళే చేస్తారు. అడిగితే చీటీ ప్రింట్ తీసి ఇస్తారు, అడగండి. అపార్ట్‌మెంట్ అయితే ఆ బాధ్యత ఇంటి యజమానిది. కొందరు బుద్ధిగా చేస్తారు. కొందరు "ఏం కాదులే" అని నవ్వేస్తారు. ఆ నవ్వును నమ్ముకుంటే జరిమానా పడేది మీకు. యాప్‌లో బొమ్మ ఎంత బాగున్నా, "నలుగురికీ రిజిస్ట్రేషన్ చేసి చీటీ ఇస్తారా?" అని రాతపూర్వకంగా అడిగి, అవునని జవాబు వచ్చాకే డబ్బు కట్టాలి. చిలాంజార్ యజమానిని మీరు ఈ ప్రశ్న అడిగినట్టు లేదు.

ఇంకో మాట, ఇది చదువుకునే పిల్లల్ని చూడటానికి వెళ్ళే కుటుంబాలన్నిటికీ. సమర్‌ఖండ్‌లో మీరు తమ్ముడి అద్దె ఫ్లాట్‌లో ఉంటామన్నారు. అక్కడా ఇదే నియమం. తమ్ముడు నమోదై ఉన్నాడు కాబట్టి వాళ్ళ అమ్మానాన్నలకు అక్కర్లేదనుకోవడం పొరపాటు. ఫ్లాట్ ఓనర్ మీ నలుగురి పేర్లూ ఎక్కించాలి. ఆయన ఒప్పుకుంటాడో లేదో తమ్ముణ్ణి ఇప్పుడే కనుక్కోమనండి. ఒప్పుకోకపోతే రాత్రిళ్ళు దగ్గర్లోని గెస్ట్‌హౌస్‌లో పడుకుని, పగలంతా తమ్ముడి దగ్గర గడపండి. సమర్‌ఖండ్‌లో గదులు తాష్కెంట్ కంటే చవకగానే దొరుకుతాయి. ప్రతి బస చీటీ, రైలు టికెట్లు తిరుగు ప్రయాణం దాకా పాస్‌పోర్ట్‌తోనే ఉంచుకోండి.

ఇక చోటు సంగతి. 1966 ఏప్రిల్ 26న వచ్చిన భూకంపంలో తాష్కెంట్ పాత ఊరు చాలా భాగం కూలిపోయింది, లక్షల మంది ఇళ్ళు పోగొట్టుకున్నారు. తర్వాత సోవియట్ రిపబ్లిక్‌లన్నీ మనుషుల్ని, సామగ్రిని పంపి ఊరిని కొత్తగా కట్టాయి. అందుకే అక్కడి రోడ్లు మన జాతీయ రహదారుల్లా వెడల్పుగా ఉంటాయి, ఒక్కో చౌరస్తాకీ మరో చౌరస్తాకీ మధ్య బోలెడు దూరం. మ్యాప్‌లో "పక్క వీధే కదా" అనిపించేది నడిస్తే పావుగంట. చిలాంజార్ ఆ భూకంపం తర్వాత బాగా పెరిగిన నివాస ప్రాంతం. ఉండటానికి ప్రశాంతంగా ఉంటుంది, చెట్లు బాగుంటాయి, కానీ ఒకేలా కనిపించే అపార్ట్‌మెంట్ బ్లాకుల మధ్య రాత్రి పూట మీ బ్లాకు ఏదో వెతుక్కోవడం కొత్తవాళ్ళకు విసుగు. పాత నాలుగంతస్తుల బ్లాకుల్లో లిఫ్ట్ ఉండదు. మూడో అంతస్తు అయితే అమ్మగారి పని అయిపోయినట్టే.

చోర్సు వైపు అందుకు పూర్తిగా వేరే. భూకంపాన్ని తట్టుకుని మిగిలిన పాత మహల్లాల్లో అదొకటి. మట్టి గోడల సందులు, లోపలికి వెళ్తే మధ్యలో పెద్ద వాకిలి, ద్రాక్ష పందిరి, చుట్టూ గదులు. మన పాత మండువా ఇళ్ళు చూసినవాళ్ళకు వెంటనే మనసుకు పట్టే అమరిక. ఇలాంటి చోట ఉదయం టిఫిన్ ఇంటావిడే చేసి పెడుతుంది, అమ్మగారికి ఏం కావాలో సైగలతో అయినా చెప్పుకోవచ్చు. చాలామంది వంటగది కాసేపు వాడుకోనిస్తారు. రెండు చిక్కులున్నాయి. కొన్ని సందుల్లోకి కారు రాదు, చివరి వంద గజాలు పెట్టెలు లాక్కుంటూ నడవాలి. పై గదులకు మెట్లు చాలా నిటారుగా ఉంటాయి. అందుకని బుక్ చేసేటప్పుడే "నేల మీది గది, బాత్రూమ్ గదిలోనే" అని మెసేజ్ పెట్టండి. వాకిలి దాటి వెళ్ళే ఉమ్మడి బాత్రూములు ఇంకా అక్కడక్కడా ఉన్నాయి, అక్టోబర్ రాత్రి చలిలో పెద్దవాళ్ళకు కష్టం. అక్కడ అంతస్తుల లెక్క కూడా వేరు. వాళ్ళు మొదటి అంతస్తు అన్నారంటే అది నేల మీదిదే, రెండోది అంటే మన మొదటిది.

స్టేషన్ వైపు, అంటే మీరాబాద్ ప్రాంతంలో, చిన్న హోటళ్ళు వరసగా ఉంటాయి. అందం ఆశించకండి. పనికొచ్చే చోటు, అంతే. 'తాష్కెంట్' మెట్రో స్టేషన్ రైల్వే స్టేషన్ ముందే ఉంది, విమానాశ్రయం కారులో పావుగంట లోపు. ఈ హోటళ్ళలో జాగ్రత్తపడాల్సింది 'త్సోకొల్' గదుల గురించి. భవనం కింద సగం భూమిలోకి ఉండే అంతస్తు అది. కిటికీ పైకప్పుకు ఆనుకుని చిన్నగా ఉంటుంది, తేమ వాసన. ఫొటోలో తెల్లటి దుప్పటి, లైటు వేసిన గోడ తప్ప కిటికీ ఎక్కడా కనిపించలేదంటే అనుమానించండి. మీరు చూసిన రెండు గదుల్లో తక్కువ రేటుది నాకు అలాగే అనిపిస్తోంది, కిటికీ ఫొటో అడగండి.

రివ్యూలు చదివే పద్ధతి ఒకటి చెబుతాను. మార్కుల సగటు వదిలేయండి. గత ఆరు నెలల్లో వచ్చినవి మాత్రమే తీసుకుని, అందులో తక్కువ మార్కులు వేసినవి చదవండి. "సిబ్బంది ఇంగ్లీషు మాట్లాడరు" అని తిట్టినది పట్టించుకోనక్కర్లేదు, ఫోన్‌లో అనువాదం యాప్ ఉంది. వేడినీళ్ళు రాలేదు, కాలువ వాసన, రాత్రి కింద పాటల మోత, చెప్పిన గది ఇవ్వలేదు: వీటిలో ఏదైనా రెండుసార్లు కనిపిస్తే ఆ చోటు వదిలేయండి.

అక్టోబర్ మధ్యలో అక్కడ పగలు హాయిగా ఉంటుంది, రాత్రి పది డిగ్రీల దాకా పడిపోవచ్చు. ఊరంతటికీ గొట్టాల్లో వచ్చే వేడి అప్పటికి మొదలు కాకపోవచ్చు. గదిలో ఏసీ ఉంటే అది వేడి గాలి కూడా ఇస్తుందా అని కనుక్కోండి, అదనపు రజాయి అడగండి. మీరు వెళ్ళేది సీజన్‌లోనే. ఏప్రిల్, మే, సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో యూరప్ నుంచి, కొరియా నుంచి గుంపులు దిగుతాయి, మంచి చవక గదులు ముందే అయిపోతాయి. ఉచితంగా రద్దు చేసుకునే వీలున్నది ఇప్పుడే పట్టి ఉంచండి. ఇది చదివే మిగతావాళ్ళకు: జూలైలో నలభై డిగ్రీలు దాటే రోజులుంటాయి, ఏసీ లేని గది ఎంత చవకైనా వద్దు. జనవరిలో రేట్లు బాగా తగ్గుతాయి, కానీ 2023 జనవరిలో గడ్డకట్టే చలికి గ్యాస్, కరెంటు రెండూ కొరతపడి ఊరు అల్లాడింది. ఆ నెలలో వెళ్తే గదికి వేడి ఎలా వస్తుందో అడక్కుండా బుక్ చేయకండి.

యాప్‌లో కనిపించే రేటు మీద పర్యాటక రుసుము అని మనిషికి, రాత్రికి లెక్కగట్టి తీసుకుంటారు. చిన్న మొత్తమే గానీ నలుగురు కాబట్టి ముందే అడిగి రాసుకోండి. రేటు డాలర్లలో చూపించినా చెల్లింపు అక్కడి కరెన్సీ సోమ్‌లోనే. చిన్న గెస్ట్‌హౌస్‌లలో కార్డు మెషిన్ 'పనిచేయడం లేదు' అనే జవాబు మామూలే, నగదు ఉంచుకోండి. రూపాయలు అక్కడ మార్చుకోవడం దండగ పని, డాలర్లు తీసుకెళ్ళండి. నోట్లు కొత్తవై ఉండాలి. మడతలు, సిరా గీతలు ఉంటే బ్యాంకుల్లో మొహం చిట్లిస్తారు. బజారులో బ్లాకులో మార్చుకుంటే ఎక్కువ వస్తుందని పాత రాతల్లో చదివి ఉంటారు. 2017 సెప్టెంబర్‌లో ప్రభుత్వం అధికారిక రేటును బజారు రేటు దగ్గరకు తెచ్చేశాక ఆ తేడా పోయింది. ఇప్పుడు వీధిలో మార్చేవాడు మోసం చేయడానికే. డాలరుకు వేలల్లో సోమ్‌లు వస్తాయి కాబట్టి సున్నాలు చూసి కంగారు పడకండి, మొదటి రోజు ఫోన్‌లో లెక్క వేసుకుంటూ ఉంటే అలవాటైపోతుంది.

విమానాశ్రయం నుంచి గదికి చేరడం. బయటికి రాగానే ట్యాక్సీవాళ్ళు చుట్టుముడతారు, పెట్టె మీద చెయ్యి వేసే వాళ్ళూ ఉంటారు. ఎవరికీ ఇవ్వకండి. లోపలే పాస్‌పోర్ట్ చూపించి సిమ్ తీసుకోండి, ట్యాక్సీ పిలిచే యాండెక్స్ గో యాప్ మన ఊళ్ళోనే డౌన్‌లోడ్ చేసుకుని వెళ్ళండి. మన కార్డు అందులో ఎక్కకపోయినా 'నగదు' అని ఎంచుకోవచ్చు. విమానాశ్రయం ఊళ్ళోనే ఉన్నట్టు లెక్క, కాబట్టి యాప్ చార్జీ మన ఊళ్ళో ఆటో చార్జీ స్థాయిలోనే ఉంటుంది. హోటల్ పంపే కారుకు దానికి మూడు నాలుగు రెట్లు అడుగుతారు. విమానం అర్ధరాత్రి దిగేదైతే మాత్రం ఆ కారే తీసుకోండి, అమ్మానాన్నలు ఉన్నారు. గెస్ట్‌హౌస్‌కు మీరు దిగే సమయం ముందే రాయండి. రాత్రంతా కూర్చునే రిసెప్షన్ అలాంటి చోట్ల ఉండదు, తలుపు తీసేది ఇంటివాళ్ళే.

తాష్కెంట్ మెట్రో గురించి అందరూ చెబుతారు, నిజంగానే చూడదగ్గది. 1977లో మొదలైంది, మధ్య ఆసియాలో అదే మొదటిది. కాస్మొనావ్ట్‌లార్, అలీషేర్ నవాయి స్టేషన్లు చూడటానికే ఒక టికెట్ కొనొచ్చు, పాతిక రూపాయల లోపు. 2018 నుంచి ఫొటోలు తీసుకోనిస్తున్నారు. కానీ పాత స్టేషన్లలో చాలావాటికి లిఫ్ట్ లేదు, మెట్లు తప్పవు. నలుగురు కలిసి వెళ్తే యాప్ ట్యాక్సీకి, మెట్రోకి తేడా పెద్దగా ఉండదు. కాబట్టి "మెట్రో పక్కనే గది" అన్న దానికి మీరు మరీ ఎక్కువ డబ్బు పెట్టక్కర్లేదు. ఒంటరిగా వెళ్ళేవాళ్ళకైతే నేను దీనికి రివర్సులో చెబుతాను: ఓయ్‌బెక్ మెట్రో స్టేషన్ చుట్టుపక్కల హాస్టల్లో ఎనిమిది, పది డాలర్ల మంచం తీసుకుని రోజంతా మెట్రోలోనే తిరగమంటాను.

అమ్మగారి తిండి. దాచేదేముంది, శాకాహారులకు అది తేలికైన ఊరు కాదు. పలావ్‌లో మాంసం, లగ్మాన్ అనే నూడుల్స్‌లో మాంసం, సూపులో మాంసం, 'కూరగాయలదే' అని ఇచ్చిన దానిలో గొర్రె కొవ్వు. గెస్ట్‌హౌస్ టిఫిన్‌లో గుడ్ల పక్కన పెట్టే సాసేజ్ చాలాసార్లు గొడ్డు మాంసమే, ముందే వద్దని చెప్పండి. "గోష్ట్‌సిజ్" అంటే మాంసం లేకుండా. ఒక్కసారి అని ఊరుకోకండి, "కొవ్వు కూడా వద్దు" అని రెండోసారి అడిగించండి. ఊళ్ళో ఇండియన్ రెస్టారెంట్లు ఉన్నాయి, కానీ రోజూ మూడు పూటలా అక్కడే అంటే గదిలో మిగిల్చిన డబ్బు అక్కడ పోతుంది. చోర్సు దగ్గర గదికి నేను మొగ్గు చూపడానికి ఇదే సగం కారణం. చోర్సు బజారు నీలం గుమ్మటం కింద, చుట్టూ ఉన్న వరసల్లో పొద్దున్నే దొరికేవి చూడండి: తందూరులోంచి తీసిన వేడి నాన్, కతిక్ అనే గడ్డ పెరుగు, టమాటాలు, దోసకాయలు, అక్టోబర్‌లో ద్రాక్ష, దానిమ్మ, ఖర్బూజ. అక్కడే కొరియన్ ఆడవాళ్ళు గిన్నెల్లో కుప్పలు పోసి అమ్మే క్యారెట్ తురుము పచ్చడి ఉంటుంది. 1937లో స్టాలిన్ హయాంలో తూర్పు సరిహద్దు నుంచి బలవంతంగా తరలించిన కొరియన్ల వారసులు వాళ్ళు. వెల్లుల్లి, కారం, వెనిగర్ బాగా దట్టించి ఉంటుంది. పెరుగన్నంలోకి అది పెట్టుకుంటే అమ్మగారు ఆవకాయ సీసా తెరవడం కూడా మర్చిపోతారు.

అన్నం అన్నాను కదా, చిన్న రైస్ కుక్కర్ తీసుకెళ్ళొచ్చు. మన మూడు పిన్నుల ప్లగ్ అక్కడి సాకెట్‌లో దూరదు, రెండు గుండ్రటి పిన్నుల యూరప్ రకం అడాప్టర్ కొనండి, కుక్కర్ లోడ్ తట్టుకునేది. గదిలో వండితే ఊరుకోరు, ఇంటావిడను అడిగి వంటగదిలో పెట్టుకోండి. కుళాయి నీళ్ళు తాగకండి, పెద్ద సీసాలు ఏ కొట్లోనైనా చవకే.

మందుల విషయంలో నా వృత్తి వల్ల కొంచెం గట్టిగా చెబుతున్నాను. మోకాళ్ళ నొప్పికి ట్రామడాల్ కలిసిన మాత్రలు, కోడీన్ ఉన్న దగ్గు సిరప్, నిద్రకు వేసుకునే అల్ప్రాజోలం, క్లోనాజెపాం లాంటివి అక్కడ కఠిన నియంత్రణలో ఉన్నాయి. మనకు మెడికల్ షాపులో దొరికేసినంత తేలిగ్గా తీసుకోకండి. అమ్మగారి మాత్రల పేర్లు డాక్టరుకు చూపించి, వీటిలో ఏదైనా ఉంటే మార్చగలరేమో అడగండి. తప్పనిసరైతే ఇంగ్లీషు ప్రిస్క్రిప్షన్‌తో, అసలు స్ట్రిప్‌లలో, ఉండే రోజులకు సరిపడా మాత్రమే. ఊరివాళ్ళు తమ పిల్లలకు ఇమ్మని ఇచ్చే మందుల పొట్లాలు మాత్రం అస్సలు తీసుకోవద్దు.

వీసా ఆన్‌లైన్‌లోనే, ఒక్కసారి ప్రవేశానికి 20 డాలర్లు. ప్రభుత్వ వెబ్‌సైట్‌లో నేరుగా కట్టండి, ఏజెంటు అక్కర్లేదు. ఢిల్లీ నుంచి ఉజ్బెకిస్తాన్ ఎయిర్‌వేస్ నేరుగా వెళ్తుంది, సుమారు మూడు గంటలు. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ తన గగనతలం మూసేసినప్పుడు మన ఇండిగో తాష్కెంట్ సర్వీసు ఆగిపోయింది, కాబట్టి టికెట్ కొనే రోజు ఏది నడుస్తోందో చూసుకోండి. గది మాత్రం రద్దు చేసుకునేదే ఉండాలి అనడానికి ఇదొక కారణం.

సమర్‌ఖండ్‌కు అఫ్రోసియాబ్ రైలు రెండు గంటల పది నిమిషాల్లో తీసుకెళ్తుంది, దూరం 344 కిలోమీటర్లు. సీజన్‌లో టికెట్లు రోజుల ముందే అయిపోతాయి, అమ్మకం తెరవగానే అధికారిక రైల్వే యాప్‌లో కొనండి. పొద్దున్నే బయలుదేరే రైలైతే చోర్సు నుంచి ట్యాక్సీ ముందు రాత్రే మాట్లాడుకోనక్కర్లేదు, యాప్‌లో ఆ వేళకూ దొరుకుతుంది. సందు మొదటికి పెట్టెలు చేర్చుకోవడానికి మాత్రం పది నిమిషాలు ఎక్కువ పెట్టుకోండి. తాష్కెంట్‌లో ఉత్తర, దక్షిణ స్టేషన్లు రెండున్నాయి, టికెట్ మీద ఏదుందో చూడండి. లోపలికి వెళ్ళే ముందు పాస్‌పోర్ట్, సామాను తనిఖీ ఉంటుంది.

మిగిలిన వేళల్లో చూడటానికి, పాత మసీదులు, మదరసాలున్న హజ్రతి ఇమామ్ సముదాయం గెస్ట్‌హౌస్‌కు దగ్గరే. నాన్నగారికి లాల్ బహదూర్ శాస్త్రి విగ్రహం చూపించండి. 1966 జనవరి 10న పాకిస్తాన్ అధ్యక్షుడు అయూబ్ ఖాన్‌తో ఒప్పందం మీద సంతకం చేసి, 11 తెల్లవారకముందే ఆయన కన్నుమూసింది ఆ ఊళ్ళోనే. ఆయన పేరు మీద వీధి ఉంది, యాప్‌లో ఆ పేరే కొడితే కారు తీసుకెళ్తుంది.

ఇప్పుడు చేయాల్సింది గెస్ట్‌హౌస్‌కు ఒక మెసేజ్: నేల మీది గది, లోపలే బాత్రూమ్, వేడి గాలి వచ్చే ఏసీ, నలుగురికీ రిజిస్ట్రేషన్, పర్యాటక రుసుము ఎంత, కారు ఎంత దూరం వస్తుంది, వంటగది వాడుకోవచ్చా. రష్యన్‌లోకి అనువదించి పంపితే జవాబు త్వరగా వస్తుంది. రెండు రోజుల్లో జవాబు రాకపోతే లేదా సగం ప్రశ్నలకే చెబితే ఆ చోటు వదిలేసి, చోర్సు, కుకెల్దాష్ మదరసా చుట్టుపక్కలే ఇంకోటి చూడండి. అదే రేటులో దొరుకుతాయి. లింకు పెడితే నేనూ ఒకసారి చూసి చెబుతాను.